మూడో బోర్డు

ఎర్ర కారుకి వెనక సీటు లేదు. ఇంట్లో తగువంతా అక్కడే మొదలైంది.

"రెండు సీట్ల కారు కొంటే మా అమ్మనెక్కడ కూర్చోబెడతారు, డిక్కీలోనా?" అంది భార్య, కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టకుండానే.

డిక్కీ చిన్నదేమీ కాదని చెప్పబోయి మాస్టారు నోరు మూసుకున్నాడు. ఎన్నో ఏళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు గానీ ఆయన చెప్పేది బడిచదువు కాదు. ఊరవతల రేసు ట్రాకు ఉంది. వేగం సరదా ఉన్న డాక్టర్లూ వ్యాపారస్తులూ తీరిక దొరికినప్పుడల్లా తమ కార్లు తెచ్చుకుని అక్కడ నేర్చుకుంటారు. వాళ్ల పక్కన, ఎడమ సీట్లో, హెల్మెట్ పెట్టుకుని కూర్చుని చెప్పడం ఆయన ఉద్యోగం. ఇప్పుడు బ్రేకు, ఇప్పుడు వదులు, చూపు ముందుకి, చేతులు మెత్తగా. ట్రాకు మీద నేర్పేవాళ్లు స్టీరింగు ముట్టుకోకూడదని ఆ డ్రైవింగు స్కూలు యజమాని పెట్టిన నియమం. బీమా కంపెనీ ఒప్పుకోదట. అంచేత రోజూ వందలసార్లు ఆ మలుపులన్నీ తిరిగే మనిషి, ఒక్కసారి కూడా తన చేత్తో తిరగలేదు.

ఏటా వేసవిలో అక్కడ ఔత్సాహికులకి పందెం పెడతారు. "నువ్వూ దిగవయ్యా మాస్టారూ, సొంత కారుంటే ఎవరొద్దన్నారు?" అని యజమాని ఏటా అడిగేవాడు, లేదని తెలిసే. ఈ ఏడు మాస్టారు "దిగుతాను" అన్నాడు. యజమాని నవ్వు ఒక క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. ఆ ఆగిన క్షణాన్ని మాస్టారు వారం రోజులు నెమరేసుకుని సంతోషించాడు.

చిక్కల్లా, కొనేది ఒక్క కారే. వారమంతా ఇంటి పనికీ అదే, పందెం రోజున ట్రాకుకీ అదే. కొత్తది కొనే తాహతు లేదు. పాతవాటిలో తిరిగి తిరిగి రెండు దగ్గర ఆగాడు. ఒకటి ఈ ఎర్రది. రెండోది నాలుగు తలుపుల బూడిదరంగుది.

*

బూడిదరంగు కారు పాత కార్ల యార్డులో, గోడవారన ఉంది. చూడ్డానికి మాస్టారు బోల్టుని వెంటబెట్టుకెళ్లాడు. బోల్టు ట్రాకు దగ్గర మెకానిక్కు. చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. మాస్టార్ని ఒరేయ్ అనగలిగేది ఈ లోకంలో అతనొక్కడే.

బోల్టు కారు చుట్టూ ఒకసారి ఊరికే తిరిగాడు, పెళ్లిచూపుల్లో పెద్దమనిషిలాగా. తర్వాత బానెట్టు ఎత్తి, దాన్ని పట్టి ఉంచే మరల మీద రంగు చెదిరిందేమో చూశాడు. చెదరలేదు. అంటే గుద్దించి, విప్పి, మళ్లీ బిగించిన బండి కాదు. చక్రం సందులోంచి వేలు దూర్చి బ్రేకు పళ్లెం అంచుని గోరుతో తడిమాడు. అరిగిన పళ్లేనికి అంచున గట్టు లేస్తుంది. గోరు గట్టుకి తగిలి ఆగింది.

"పళ్లేలు మార్చాలి. మిగతాదంతా దుక్కలా ఉంది. ఇంజను ఒక్కటీ చాలు, గోడకి కట్టినా లాక్కుపోతుంది."

"బరువెక్కువ కదరా?"

"బరువే. మలుపులో తోసుకుంటూ పోతుంది. కానీ నువ్వు తప్పు చేస్తే సర్దుకుపోతుంది. ఎర్రది అలా కాదు, అది నడిపేవాణ్ణి బట్టి ఉంటుంది. నడపగలిగితే దానంత బండి లేదు. నడపలేకపోతే ఉత్త డబ్బా." బోల్టు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఇది పెళ్లాం మాట వినేవాడి కారు. అది విననివాడిది. నువ్వెవరో నువ్వే తేల్చుకో."

మాస్టారు వెనక తలుపు తెరిచి సీటు మీద చెయ్యేసి నొక్కి చూశాడు. మెత్తగా, వెడల్పుగా ఉంది. తలుపు బాగా తెరుచుకుంటోంది. అత్తగారు వాకరు పట్టుకుని వచ్చి, వెనక్కి తిరిగి, మెల్లగా కూలబడటానికి సరిపోతుంది. కాళ్ల దగ్గర వాకరు మడిచి పెట్టుకోవచ్చు. ఇవన్నీ ఆయన చూశాడు. చూసి, తలుపు మూసేసి, ఇంజను ఎలా ఉందో మళ్లీ అడిగాడు.

*

ఎర్రది పళ్ల డాక్టరుది. పాతికేళ్లు దాటి ఎంతో కాని కుర్రాడు, మాస్టారి శిష్యుడు. ఇంకా పెద్ద కారు కొనుక్కుంటున్నాడు కాబట్టి ఇది ఇచ్చేస్తున్నాడు.

"బయటివాళ్లకి ఇవ్వబుద్ధి కావట్లేదు మాస్టారూ. మీ దగ్గర నేర్చుకున్న బండి. మీకైతే నాకు బెంగ ఉండదు," అన్నాడు క్లినిక్కు వెనక షెడ్డులో దాని మీది గుడ్డ తీస్తూ.

మాస్టారు ఆ కార్లో ఎన్నిసార్లు కూర్చున్నాడో లెక్కలేదు. ఎప్పుడూ ఎడమపక్కే. ఆ రోజు మొదటిసారి కుడిపక్క తలుపు తెరుచుకుని దిగబడ్డాడు. కూర్చోవడం అనరు దాన్ని, నేలబారున దిగబడటమే. గేరు మీద చెయ్యి వేశాడు. స్టీరింగు తిప్పకుండా రెండు చేతులూ ఆనించాడు. ముందద్దంలోంచి షెడ్డు గోడా, దానికి తగిలించిన పాత గొట్టమూ కనిపిస్తున్నాయి. ఆ గోడనే మాస్టారు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరు పేషెంటు వచ్చిందని లోపలికెళ్లి, పని ముగించుకుని వచ్చాడు. మాస్టారు ఇంకా అలాగే ఉన్నాడు.

"స్టార్టు చెయ్యండి, పర్లేదు."

"వద్దులే. సోమవారం చేద్దాం."

సోమవారం ట్రాకుకి సెలవు. ఉదయం కాసేపు వాడుకోమని యజమాని ఒప్పుకున్నాడు. రెండు కార్లూ తెచ్చి, రెండింటినీ నడిపి, బోల్టు చేత టైము పట్టించాలని మాస్టారి ఆలోచన. ఏది తక్కువ టైములో చుట్టొస్తే అదే. ఇంట్లో చెప్పడానికి కూడా అదే న్యాయంగా ఉంటుంది.

*

"న్యాయమా?" అంది భార్య అన్నం వడ్డిస్తూ. "ఎర్రదే గెలుస్తుందని మీకు ముందే తెలుసు. తెలిసి పెట్టే పరీక్ష పరీక్షెలా అవుతుంది?"

"ఏమో, బూడిదరంగుది ఇంజను పెద్దది."

"మీ మొహం చూస్తే తెలియడం లేదూ."

ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దస్తమానం జనం మొహాల్లోకి చూస్తూ, ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చుందో లేదో చూడటం ఆవిడ పని. ఆ కళ్లకి అబద్ధం చెప్పడం కష్టం.

అత్తగారు కంచంలోకే చూస్తూ తింటోంది. తుంటి విరిగి ఆపరేషను అయ్యాక కూతురింట్లోనే ఉంటోంది. వారంలో కొన్నిసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లి కాలికి వ్యాయామం చేయించాలి. టాక్సీవాళ్లు వాకరు చూడగానే మొహం చిట్లిస్తారు. కిందటిసారి ఒకడు ఆవిడ ఒక కాలు లోపల పెట్టి రెండోది ఎత్తలేక తంటాలు పడుతుంటే, "తొందరగా కానీ ముసలమ్మా, నాకు వేరే బేరాలుండవా?" అన్నాడట. ఇంటికొచ్చి ఆ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పింది. కూతురు మాత్రం నవ్వలేదు.

"నా గురించి చూడకు బాబూ," అంది అత్తగారు నెమ్మదిగా. "నేనింకెన్నాళ్లుంటాను. నీకు ఇష్టమైంది తీసుకో."

"నువ్వు ఊరుకో అమ్మా," అంది కూతురు. విసురుగా లేచి నీళ్ల చెంబు తేవడానికి వెళ్లింది. చెంబు బల్ల మీదే ఉంది.

మాస్టారికి తలవంపుగా ఉంది. ముసలావిడ ముందు తనొక బొమ్మకారు కోసం మారాం చేసే పిల్లాడిలా ఉన్నాడని ఆయనకీ తెలుసు. అయినా మనసు మలుపుల దగ్గరే తిరుగుతోంది. ఒక్క వేసవి. ఒక్కసారి ఆ కుడి సీట్లో కూర్చుని, నేనిది చెయ్యగలనని తనకి తను చూపించుకుంటే చాలు. ఆ తర్వాత టాక్సీలేం ఖర్మ, అత్తగార్ని భుజాల మీద మోసుకెళ్లమన్నా మోసుకెళ్తాడు. ఇది పైకి అనలేదు. అంటే భార్య ఏమంటుందో తెలుసు.

*

సోమవారం ట్రాకు ఖాళీగా ఉంది. గుంపులు లేకపోతే అది ఊరికే ఒక మెలికల రోడ్డు, అంతే. రెండు కార్లూ పక్కపక్కన నిలబెట్టారు. బోల్టు చక్రాల్లో గాలి చూసి, రెండింటికీ సమంగా సర్ది, మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని గీత దగ్గర నిలబడ్డాడు. డాక్టరు క్లినిక్కు ఆలస్యంగా తెరుస్తానని చెప్పి వచ్చాడు. గోడకి ఆనుకుని టీ తాగుతున్నాడు.

మాస్టారు ముందు ఎర్రది ఎక్కాడు. బెల్టు బిగించుకున్నాక ఎడమ చెయ్యి తలుపు మీది పట్టీ కోసం వెతికింది. ఆ పక్క తలుపు లేదు. తనలో తనే నవ్వుకుని ఆ చెయ్యి గేరు మీద పెట్టాడు.

మొదటి చుట్టు టైర్లు వేడెక్కడానికి. రెండో చుట్టు నుంచి లెక్క. కారు చేతికి చిక్కిన పక్షిలా ఉంది. అనుకున్న చోటికి అనుకోగానే వెళ్తోంది. ఇంజను మోతలో ఆయనకి ఏడుపొచ్చింది. పోనీ, హెల్మెట్టులో ఎవరు చూస్తారు. పొడుగు దారి చివర, మలుపు ఇంకెంత దూరముందో చెప్పే మూడు బోర్డులుంటాయి: ముందొచ్చేది మూడు, తర్వాత రెండు, మలుపు దగ్గరది ఒకటి. మూడు దగ్గర బ్రేకు వేశాడు, తిప్పాడు, వదిలాడు. గీత దాటుతుంటే, ఇంతకంటే బాగా ఎవడూ నడపలేడనిపించింది.

తిరిగొచ్చి హెల్మెట్టు తీసేసరికి మొహమంతా చెమట. "ఎంత?"

బోల్టు వాచీ చూపించలేదు. "ముందు అది కూడా కానియ్యి. రెండూ కలిపి చెప్తా."

బూడిదరంగుది ఎక్కాడు. ఇది వేరే జంతువు. తొక్కగానే వీపు సీటుకి అతుక్కుంది. మలుపులో బరువంతా ఒక పక్కకి ఒరిగి, ఓపిగ్గా మళ్లీ లేస్తోంది. దీన్ని నడపడం పని చేసినట్టుంది, ఎర్రది నడపడం ఆడుకున్నట్టుంది. ఎర్రదే, సందేహం లేదు, అనుకుంటూ దిగాడు.

బోల్టు వాచీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అది టిక్కుమనే రకం కాదు.

"ఏమైందిరా?"

"బటను సరిగ్గా నొక్కలేదేమో. ఇంకోసారి వెళ్లు. ఎర్రదాంట్లో."

"ఎంతొచ్చింది?"

"రెండూ ఒకటే వచ్చాయి. కనురెప్ప పాటు కూడా తేడా లేదు. అలా ఎలా ఉంటుంది, ఒకటి లేడి, ఒకటి దున్న."

మాస్టారు మళ్లీ ఎర్రదాంట్లో కూర్చున్నాడు. ఈసారి సంతోషం పక్కన పెట్టి, తన కాళ్లనే గమనిస్తూ నడిపాడు. పొడుగు దారి సగానికి రాగానే కుడికాలు దానంతటదే కాస్త లేచింది. ఎందుకు లేచిందో ఆయనకి వెంటనే తెలియలేదు. వేగం చూపే ముల్లు వైపు చూశాడు. స్కూల్లో కొత్తవాళ్లని అక్కడ ఒక వేగం మించి పోనివ్వరు. ముల్లు సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉంది. కారు ఇంకా పోతానంటోంది. కాలు వద్దంటోంది. బూడిదరంగు దాంట్లోనూ ఇదే జరిగి ఉంటుంది. రెండు ఇంజన్లనీ ఆయన ఒకే చోట అణిచేశాడు.

అప్పుడు వినిపించింది, తన గొంతే. హెల్మెట్టు లోపల సన్నగా, ఆగకుండా మాట్లాడుతోంది. బ్రేకుకి సిద్ధం. చూపు ముందుకి. తొందరేం లేదు. బాగుంది, బాగుంది. మొదటి చుట్టు నుంచీ మాట్లాడుతూనే ఉన్నాడు కాబోలు. నోరు మూశాడు. మూయగానే చేతులకి ఏం చెయ్యాలో తెలియలేదు. మలుపు తప్పి చక్రం గడ్డి అంచు తొక్కింది. మళ్లీ మాట్లాడటం మొదలెట్టాక గానీ కారు దారిలో పడలేదు.

ఇంకో చుట్టు. ఈసారి మూడో బోర్డు దాటాకే బ్రేకు తొక్కుతానని గట్టిగా అనుకున్నాడు. రెండో బోర్డు దాకా వెళ్లొచ్చు, ఈ కారుకి ఒకటో బోర్డైనా చాలు, లెక్క ఆయనకి కంఠతా వచ్చు. బోర్డు వస్తోంది. దాటు, అన్నాడు పైకే. దాటు. మూడు అన్న అంకె పక్కకి రాగానే కాలు బ్రేకు మీద పడింది. ఆయన చెప్పినట్టు కాదు, ఆయన నేర్పినట్టు.

ఎడమ సీట్లో కూర్చున్న ఇన్నేళ్లూ, ఎవడో కొత్తవాడి చేతుల్లో ప్రాణం పెట్టి ఆ మలుపు వైపు దూసుకెళ్లిన ప్రతిసారీ, ఆ కాలు పెడలు లేని చోట నేలని తొక్కుతూనే ఉంది. మాట ధైర్యంగానే ఉండేది. భయమంతా కాల్లోకి దిగి గట్టిపడిపోయింది.

గీత దాటాడు. బోల్టు మొహం చూస్తే అడగాల్సిన పని లేకపోయింది.

"వాచీ పాడైనట్టుంది," అన్నాడు బోల్టు. "డాక్టరుగారూ, ఓ చుట్టు తిరిగి రండి, వాచీ సంగతి తేలుతుంది."

డాక్టరు టీ కప్పు గోడ మీద పెట్టి, హెల్మెట్టు తగిలించుకుని వెళ్లాడు. పొడుగు దారిలో ఆ మోత ఎక్కడా తగ్గకుండా పెరుగుతూనే పోయింది. మూడో బోర్డు దాటింది, రెండోదీ దాటింది, అప్పుడు పడింది బ్రేకు. వాచీ బాగానే పనిచేస్తోంది. డాక్టరు గీత దాటాక బోల్టు దాన్ని మెడలోంచి తీసి జేబులో వేసుకున్నాడు. మాస్టారు చూపించమని అడగలేదు. చెవులతోనే తెలిసిపోయింది. తేడా ఇంతా అంతా కాదు.

డాక్టరు దిగి మాస్టారి దగ్గరకొచ్చాడు. ఆ కుర్రాడి మొహం నేరం చేసినట్టుంది. "మీకింకా బండి అలవాటు కాలేదు కదా మాస్టారూ. టైర్లు కూడా సరిగ్గా వేడెక్కి ఉండవు."

"మూడో బోర్డు దగ్గర కదా నేను మీకు బ్రేకు చెప్పింది?"

డాక్టరు తల దించుకున్నాడు. "మీరు పక్కనుంటే అక్కడే వేస్తానండీ. లేనప్పుడు..." హెల్మెట్టు చంకలో పెట్టుకుని, "ఏమనుకోకండి," అన్నాడు.

"ఏమనుకుంటాను. బాగా నడిపారు."

ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు. శిష్యుడికి చెప్పే మాట అది, చెప్పడం ఆయనకి బాగా వచ్చు. ఇక మీదట కూడా అదే చెబుతాడు.

డాక్టరు క్లినిక్కుకి వెళ్లిపోయాడు. మాస్టారు పాత టైర్లు పేర్చిన గోడ మీద కూర్చున్నాడు. బోల్టు వచ్చి పక్కన చేరగిలబడ్డాడు.

"అలవాటేరా. కొన్నాళ్లు తిరిగితే అదే పోతుంది."

"పట్టడానికి ఎన్నేళ్లు పట్టింది?"

బోల్టు కింద పడున్న నట్టు ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పసాగాడు.

"యజమాని నన్ను స్టీరింగు ముట్టుకోవద్దన్నప్పుడు నేను నవ్వుకున్నానురా," అన్నాడు మాస్టారు. "స్టీరింగు లేకపోతేనేం, బుర్రలో నడుపుతున్నాను కదా అనుకున్నా. రోజూ నడుపుతూనే ఉన్నా. ఎంత బాగా నడిపేవాణ్ణో నీకు తెలీదు." మొహం పక్కకి తిప్పుకుని, ముక్కు చీది, చెయ్యి ప్యాంటుకి రాసుకున్నాడు. బోల్టు అటు చూడకుండా, జేబులోంచి వాచీ తీసి అంకెలు చెరిపేశాడు.

*

ఇంటికొచ్చేసరికి భార్య దుకాణానికి సెలవు పెట్టి వాకిట్లోనే నిలబడి ఉంది. ఏదో గట్టిగా అనుకుని, అది చెప్పేదాకా ఊపిరాడని మనిషిలా ఉంది.

"ముందు నా మాట వినండి. ఎర్రదే తీసుకోండి."

మాస్టారు చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు.

"అమ్మా నేనూ పొద్దున్నంతా మాట్లాడుకున్నాం. ఆస్పత్రికి వెళ్లే రోజుల్లో నేను వెంట వెళ్తాను, టాక్సీవాడు ఏమంటాడో నేనూ చూస్తాను. ఎన్నేళ్లు ఎవడెవడి పక్కనో కూర్చున్నారు మీరు. నేను మరీ రాయిని కాదండీ. తీసుకోండి." అని గబగబా పమిట అంచు సర్దుకుంది. "ఎర్రదే కదా గెలిచింది?"

ఆయనకి ఒక్కసారిగా అంతా చెప్పెయ్యాలనిపించింది. బోర్డు సంగతి, కాలి సంగతి, హెల్మెట్టులో మాట్లాడిన గొంతు సంగతి. చెబితే ఆవిడ ఏమీ అనదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటుంది. ఆ చెయ్యి పట్టుకోవడాన్నే ఆయన భరించలేడు.

"రెండూ ఒకటే వచ్చాయి," అన్నాడు.

"ఒకటేనా?"

"సరిగ్గా ఒకటే. అలాంటప్పుడు బూడిదరంగుదే నయం. వెనక సీటు బాగుంది, చూశాను. అత్తయ్యగారికి సుఖంగా ఉంటుంది."

ఆవిడ ఆయన కళ్లలోకి చాలాసేపు చూసింది. దుకాణంలో మొహాలు చదివే ఆ కళ్లు ఆ రోజు తప్పు చదివాయి. మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "అబద్ధమాడటం కూడా చేతకాదు మీకు," అని లోపలికి పరిగెత్తింది. "అమ్మా, విన్నావా అమ్మా, ఈయన ఏమంటున్నారో."

వాకరు చప్పుడు చేసుకుంటూ అత్తగారు వచ్చింది. నిలబడటమే కష్టమైన మనిషి, ఒక చెయ్యి వదిలి ఆయన భుజం మీద వేసింది. "నా కడుపున పుట్టినవాడైతే మాత్రం ఇంత చేసేవాడా బాబూ."

"అది కాదు అత్తయ్యగారూ. నిజంగానే ఒకటే టైము వచ్చింది. బోల్టుని అడగండి."

"అలాగే చెప్తావులే నాయనా. నాకు తెలీదూ."

ఆ పూట కంచంలో ఏం వడ్డించారో ఆయనకి తెలియదు. మాట్లాడకుండా తిన్నాడు. ఆ మౌనం కూడా త్యాగం కిందే జమ అయింది. భార్య రెండోసారి అడక్కుండానే పెరుగు పోసింది.

*

బూడిదరంగు కారు ఇంటికొచ్చిన మర్నాడే అత్తగార్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆవిడ వెనక్కి తిరిగి, మెల్లగా కూలబడి, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి తీసుకుంది. తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు. సీటు మీద అరచెయ్యి రాస్తూ కూర్చుంది. భార్య ముందు, ఎడమపక్క ఎక్కింది.

రోడ్డెక్కగానే అక్కకి ఫోను చేసింది. "మా కోసం పందెం కూడా మానుకున్నారే. ఎవరు చేస్తారు చెప్పు. మీ ఆయన చేస్తాడా?" అంటూ నవ్వుతోంది. అక్క ఏదో అంటే, "ఊరుకో, వింటున్నారు," అంది.

మాస్టారు వింటూనే ఉన్నాడు. పందెం మానుకుంటున్నట్టు ఆయన ఎవరికీ చెప్పలేదు. బూడిదరంగుది కొనగానే వాళ్లే అలా అనుకున్నారు, అదీ మంచిదే. యజమానికి మాత్రం రేపు చెప్పాలి. అతనికి ఈసారి నవ్వు ఆపే అవసరం కూడా ఉండదు.

ఫోను పెట్టేసి ఆవిడ సీట్లో వెనక్కి వాలింది. "ఎంత హాయిగా ఉందండీ. మీ చేతిలో కారుంటే నాకు భయమనేదే వెయ్యదు. అమ్మా, చూడు, ఒక్క కుదుపైనా ఉందా?"

"నిద్రొచ్చేస్తోందే," అంది అత్తగారు వెనకనుంచి.

ముందు దారి ఖాళీగా ఉంది. ఎర్రలైటు ఎక్కడో దూరంగా, అప్పుడే వెలిగింది. మాస్టారి కాలు అప్పటికే బ్రేకు మీద ఉంది.